బంప్ స్టాప్ మీద నిలబడిన ఆడీ టీటీ: విశాఖలో ఒక సస్పెన్షన్ కేస్

మా షెడ్డు గేటు ముందు కాలువ మీద ఒక సిమెంటు పలక ఉంది, నేల కంటే ఓ అంగుళం ఎత్తు. ఏ కారైనా దాని మీద నుంచి లోపలికి వచ్చేటప్పుడు చేసే చప్పుడు వింటే సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది. ఫిబ్రవరిలో ఈ ఆడీ టీటీ వచ్చినప్పుడు ముందు చక్రాలు పలక ఎక్కగానే రాయి మీద సుత్తి వేసినట్టు "ఠంగ్"మని మోగింది. ఓనరు ఇంకా ఇంజన్ ఆపకముందే నేను టార్చి పట్టుకుని ముందు చక్రం పక్కన కూర్చున్నాను.

కారు రెండో తరం టీటీ, 2.0 టీఎఫ్ఎస్ఐ క్వాట్రో, 2012 మోడల్, 61 వేల కిలోమీటర్లు తిరిగింది. ఓనరు ఎంవీపీ కాలనీలో ఉంటాడు, రోజూ బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ ఆఫీసుకి వెళ్ళొస్తాడు, నెలకో రెండు నెలలకో అరకు ఘాట్ ఎక్కుతాడు. కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నెలకే 40 మి.మీ. దించే స్ప్రింగులు తెప్పించుకుని వేరే ఒక గ్యారేజీలో వేయించుకున్నాడు. స్ప్రింగ్ ఊపుని అణిచే షాక్స్ మాత్రం పాతవే ఉంచేశారు. అప్పటి నుంచీ బీచ్ రోడ్డులో ప్రతి జాయింటు దగ్గరా దెబ్బ, సాగర్‌నగర్ దాటాక మలుపుల్లో ముందుభాగం బయటికి జారినట్టు ఉండటం, వెనక టైర్లు లోపలి అంచున అరిగిపోవడం. "అన్నా, లుక్ మాత్రం పాడవకూడదు, ఆ చప్పుడు పోతే చాలు" అన్నాడు. "బాబూ, చప్పుడు వచ్చేదే ఆ లుక్ వల్ల" అని చెప్పి కారు లిఫ్ట్ మీద పెట్టాను.

ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఏడాదిలో ఇదే రకం కంప్లైంటుతో నా దగ్గరికి వచ్చిన నాలుగో కారు ఇది. నాలుగింటిలోనూ జరిగింది ఒకటే: ఎంత దించాలో ఫోటో చూసి నిర్ణయించుకున్నారు, దానికి తగ్గ స్ప్రింగ్ కొన్నారు, షాక్స్ సంగతి చప్పుడు మొదలయ్యాక ఆలోచించారు. నేను దీన్ని తలకిందులుగా చేస్తాను. చక్రం పైకి లేవడానికి ఎంత జాగా ఉందో ముందు కొలుస్తాను, అందులో ఎంత వదులుకోగలమో చూసి దించే ఎత్తు ఖాయం చేస్తాను, ఆ ఎత్తులో పనిచేసే పొడవున్న డ్యాంపర్ (షాక్‌కే ఇంకో పేరు) వెతుకుతాను, దానికి జోడీ కుదిరే స్ప్రింగ్ ఆఖర్న.

మొదట ఎత్తులు. చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు దాకా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు సైజు, గాలి, నేల వాలు అన్నీ లెక్కలో కలిసిపోతాయి. వచ్చినప్పుడు ముందు 325, వెనక 331 మి.మీ. ఓనరు ఒరిజినల్ స్ప్రింగులు అటక మీద దాచి ఉంచాడు, అది మా అదృష్టం. అవి తిరిగి వేసి కొలిస్తే ముందు 368, వెనక 365. అంటే 40 అని అమ్మిన స్ప్రింగులు ముందువైపు 43 దించాయి.

తర్వాత స్ట్రట్, అంటే ముందు చక్రం దగ్గర స్ప్రింగూ షాకూ కలిసి ఉండే కాలు, విప్పాం. ఇక్కడే అసలు విషయం బయటపడింది. బంప్ స్టాప్ అంటే షాక్ రాడ్ చుట్టూ ఉండే పసుపు రంగు గట్టి ఫోమ్, చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు ఇనుము ఇనుముకి తగలకుండా ఆపడానికి. ఒరిజినల్ ఎత్తులో నిలబడి ఉన్నప్పుడు స్ట్రట్ బాడీకీ ఆ ఫోమ్‌కీ మధ్య ఖాళీ కొలిస్తే 38 మి.మీ. వచ్చింది. ఈ కారు ముందు స్ట్రట్ చక్రంతో దాదాపు ఒకటికి ఒకటిగా కదులుతుంది, కాబట్టి 43 దించితే స్ట్రట్ 41 లోపలికి పోతుంది. ఖాళీ 38, పోయింది 41. కారు కదలకుండా పార్కింగ్‌లో నిలబడి ఉన్నప్పుడే ఫోమ్‌ని 3 మి.మీ. నొక్కుతూ ఉంది! విప్పిన ఫోమ్ చేతిలోకి తీసుకుంటే పాత రస్కులా పొడి రాలింది, రెండో వైపుది సగానికి చీలి రాడ్‌కి వేలాడుతోంది. ఎడమ షాక్ సీలు దగ్గర నూనె కారి, దాని మీద బీచ్ ఇసుక అంటుకుని నల్లటి పేస్టులా తయారైంది.

మలుపుల్లో జారడానికీ కారణం ఇదే. ఒక పక్కకి తిరిగేటప్పుడు బయటివైపు ముందు చక్రం మీద బరువు పడుతుంది, ఆ బరువుని స్ప్రింగ్ క్రమంగా మోయాలి. ఇక్కడ స్ప్రింగ్‌కి ఆ అవకాశమే లేదు, ఫోమ్ అడ్డం పడి ఉన్నట్టుండి గట్టిపడిపోతుంది, ఆ టైరు పట్టు ఒక్కసారిగా తగ్గుతుంది, కారు ముక్కు బయటికి పోతుంది. మలుపు మధ్యలో చిన్న జాయింటు వస్తే చక్రం ఎగిరి పడుతుంది.

దించిన కారుకి పాత షాక్స్ చాలవు అని అందరూ అంటారు. మాట నిజమే, కానీ చెప్పే కారణం చాలాసార్లు తప్పు. స్ప్రింగ్ గట్టిది కాబట్టి షాక్ దాన్ని ఆపలేదు అంటారు. మేం కొలిచి చూశాం. షాప్ ప్రెస్ కింద ప్లాట్‌ఫామ్ కాటా పెట్టి, స్ప్రింగ్‌ని కారులో ఉండే ఎత్తుకి నొక్కి, అక్కడి నుంచి ఇంకో 25 మి.మీ. నొక్కితే ఎంత బరువు పెరిగిందో రాసుకున్నాం. (స్ప్రింగ్ ఎగిరితే ప్రాణం పోతుంది, కేజ్ లేకుండా ఎవరూ ఈ పని చేయొద్దు.) ఒరిజినల్ ముందు స్ప్రింగ్‌కి 71 కిలోలు, అంటే మి.మీ.కి 28 న్యూటన్లు. ఆ 40 దించే స్ప్రింగ్‌కి 87 కిలోలు, మి.మీ.కి 34. గట్టిదనం 21 శాతం పెరిగింది. కానీ కావలసిన డ్యాంపింగ్ గట్టిదనం వర్గమూలంతో పెరుగుతుంది, అంటే 10 శాతం. మంచి స్థితిలో ఉన్న కంపెనీ షాక్ 10 శాతం తేడాని ఎలాగోలా భరిస్తుంది. భరించలేనిది ట్రావెల్, అంటే చక్రం పైకి కదిలే జాగా, లేకపోవడం. పైగా 61 వేలు తిరిగిన ఈ షాక్స్ అప్పటికే నీరసించి ఉన్నాయి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న ఏ కారుకైనా ఇది వర్తిస్తుంది. చక్రాన్ని బాడీకి కలుపుతూ కింద ఉండే కంట్రోల్ ఆర్మ్ ఒరిజినల్‌గా చక్రం వైపు కొద్దిగా వంగి ఉంటుంది. మా కొలతలో ఆర్మ్‌కి చక్రం వైపు కొసన ఉండే బాల్ జాయింట్, బాడీ వైపు కొసన ఉండే లోపలి బుష్ కంటే 28 మి.మీ. కిందికి ఉంది. 43 దించాక అదే బాల్ జాయింట్ 15 మి.మీ. పైకి వెళ్ళిపోయింది, ఆర్మ్ ఎదురు దిక్కుకి వాలింది. అప్పుడు రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ వాలుతుందో అది) కారు బరువు కేంద్రం కంటే చాలా ఎక్కువ దిగిపోతుంది. ఈ రెండింటి మధ్య దూరం ఎంత పెరిగితే మలుపులో కారుని పక్కకి వాల్చే బలం అంత పెరుగుతుంది. కారు కిందికి దిగింది కదా, తక్కువ వాలుతుంది అనుకుంటాం, కానీ ఒక హద్దు దాటాక ఎక్కువ దించిన స్ట్రట్ కారు గట్టి స్ప్రింగ్ వేసినా ఎక్కువే వాలుతుంది. వాలినప్పుడు చక్రం నిటారుగా ఉండటానికి సాయపడే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరిగే కోణం) మార్పు కూడా పోతుంది. అందుకే ఈ కారుకి బాల్ జాయింట్ లోపలి బుష్‌ని దాటి పైకి పోకూడదు అని నేను గీత గీసుకున్నాను. 28 మి.మీ. లోపే ఆగాలి.

రోడ్డు ఏం అడుగుతోందో కూడా లెక్క వేశాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 17 మీటర్ల వ్యాసార్థం గల వంపు, 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు. టీటీ వీల్‌బేస్ 2,468 మి.మీ. అంటే బ్రేకర్ సరిగ్గా కారు నడుం కింద ఉన్నప్పుడు రెండు యాక్సిల్స్ కూడా ఇంకా దాని మీదే ఉంటాయి. లెక్క కడితే కారు అడుగు కోల్పోయే జాగా 45 మి.మీ. మాత్రమే. అలాంటి బ్రేకర్ దించిన టీటీకి సమస్యే కాదు. ప్రాణం తీసేవి కాలనీ సందుల్లో ఎవరికి వాళ్ళు పోసుకున్న సిమెంటు గట్లు, అడుగున్నర వెడల్పు, అదే 10 సెం.మీ. ఎత్తు. వాటి మీద రెండు యాక్సిల్స్ చదును నేల మీద ఉండగా గట్టు పూర్తి 100 మి.మీ. తినేస్తుంది. ఒరిజినల్ ఎత్తులో ఇంజన్ కింది ట్రేకీ నేలకీ మధ్య మాకు 124 వచ్చింది. 43 దించితే 81, గట్టు మీద రాసుకోవడం ఖాయం, ట్రే అడుగు చూస్తే దున్నిన చేనులా ఉంది. 22 దించితే 102, అంటే ఒక్కడే ఉన్నప్పుడు, నెమ్మదిగా, ఐమూలగా ఎక్కిస్తే దాటుతుంది. ఎంవీపీ కాలనీలో ఓనరు ఇంటి సందులో అలాంటి గట్లు రెండున్నాయి. టేపు తీసుకెళ్ళి కొలిచి వచ్చాను, పెద్దది 9.5 సెం.మీ.

ఈ రెండు లెక్కలూ కలిస్తే 20 నుంచి 25 మధ్య దించడం దగ్గర ఆగాం. ఓనరు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఒక పక్క 22 దగ్గర జాకీ పెట్టి ఆపి, "పది అడుగులు వెనక్కి వెళ్ళి చూడు" అన్నాను. కాసేపు అటూ ఇటూ తిరిగి చూసి ఒప్పుకున్నాడు.

ఇప్పుడు డ్యాంపర్. ముందుగా చూడాల్సింది కారుకి మాగ్నెటిక్ రైడ్, అంటే కరెంటుతో గట్టిదనం మారే షాక్స్, ఉందా లేదా. ఈ తరం టీటీకి అది ఆప్షన్‌గా వచ్చింది, షాక్‌కి వైరు వెళుతుంటే మామూలు షాక్ వేయగానే డాష్‌బోర్డులో ఫాల్ట్ వస్తుంది. ఈ కారుకి లేదు. రెండోది, ఇదే అడుగు డిజైన్ ఉన్న కార్లలో ముందు స్ట్రట్ దిగే బిగింపు 50 మి.మీ., 55 మి.మీ. అని రెండు సైజుల్లో ఉంటుంది. కేటలాగ్ నమ్ముకోకుండా కాలిపర్ పెట్టి కొలిచాకే ఆర్డర్ ఇవ్వాలి. మాది 55.

మూడు దారులు ఓనరు ముందు పెట్టాను. ఒకటి కాయిలోవర్, స్ట్రట్ మీద ఉండే మర తిప్పి స్ప్రింగ్ ఎత్తు మార్చుకునే రకం. ఎత్తు మనకు కావలసినట్టు తిప్పుకోవచ్చు, కానీ విశాఖలో నాకు దాని మీద నమ్మకం తక్కువ. సముద్రపు గాలి, పోర్టు దుమ్ము, గాజువాక వైపు లారీల కింది బురద కలిసి మరలని రెండు వానాకాలాల్లో పట్టేస్తాయి, ఆ తర్వాత అది తిప్పుకోలేని మామూలు స్ట్రట్టే. కేడబ్ల్యూ వాళ్ళ స్టెయిన్‌లెస్ బాడీ రకం ఈ గాలికి తట్టుకుంటుంది, ఎత్తు తరచూ మార్చే అవసరం ఉన్నవాళ్ళకి అదే చెబుతాను. ఈయనకి ఆ అవసరం లేదు. రెండోది కోనీ స్పోర్ట్, పసుపు రంగువి. రీబౌండ్ అడ్జస్ట్ చేసుకోవచ్చు, అంటే స్ప్రింగ్ తిరిగి సాగే వేగాన్ని. షాక్ పాతబడేకొద్దీ కొంచెం బిగించుకోవచ్చు, అది పెద్ద లాభం. మూడోది బిల్‌స్టీన్ బి8. అదే కంపెనీ బి6 ఒరిజినల్ ఎత్తు స్ప్రింగులకి, బి8 దించిన స్ప్రింగుల కోసం పొట్టిగా చేసినది. ఐబాక్ ప్రో-కిట్ స్ప్రింగులతో కలిపి బి12 అనే పేరుతో జోడీగానూ వస్తుంది.

మేం బి8 తీసుకున్నాం. కోనీ చెడ్డదని కాదు. ఈ కారుకి జబ్బు ట్రావెల్ దగ్గర ఉంది కాబట్టి, దించిన ఎత్తు కోసమే పొడవు తగ్గించి, దానికి సరిపడా సొంత బంప్ స్టాప్‌తో వచ్చే డ్యాంపర్ కావాలనుకున్నాను. దీని లోటు కూడా ఓనరుకి ముందే చెప్పాను: మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న షాక్), గ్యాస్ ఒత్తిడి ఎక్కువ, 30 కి.మీ. లోపు వేగంలో చిన్న చిన్న ప్యాచ్‌లన్నీ సీట్లో తెలుస్తాయి. వేగం పెరిగేకొద్దీ బాగుంటుంది. దీనికి జోడీగా వేసే కొత్త ముందు స్ప్రింగ్‌ని మా ప్రెస్ మీద కొలిస్తే 25 మి.మీ.కి 80 కిలోలు, అంటే మి.మీ.కి 31.4 న్యూటన్లు.

సహజ పౌనఃపున్యం, అంటే స్ప్రింగ్ మీద కారు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో, ఆ లెక్క కూడా చేశాం, గట్టిదనం గురించి మాట్లాడుకోవడానికి అదొక్కటే నిజాయితీ గల కొలత. లారీల వే బ్రిడ్జి మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం వేస్తే, డ్రైవరుతో, సగం ట్యాంకు పెట్రోలుతో 850 కిలోలు వచ్చింది. ఒక చక్రానికి 425, అందులో చక్రం, బ్రేకు, హబ్ బరువు తీసేస్తే స్ప్రింగ్ మోసేది సుమారు 380. ఒరిజినల్‌కి సెకనుకి 1.31 ఊపులు, 40 దించిన దానికి 1.44, కొత్త దానికి 1.39. వెనకవైపు స్ప్రింగ్ షాక్‌తో కలిసి ఉండదు, లింకు మీద లోపలికి కూర్చుని ఉంటుంది. చక్రం 50 మి.మీ. లేపితే స్ప్రింగ్ 33 మాత్రమే నలిగింది. ఆ నిష్పత్తిని వర్గం చేయాలి, అంటే చక్రం దగ్గర అందేది స్ప్రింగ్ గట్టిదనంలో 44 శాతమే. వెనక స్ప్రింగ్ అంకె చూసి "అమ్మో ఇంత గట్టిదా" అని భయపడే వాళ్ళు ఈ లెక్క చేయాలి. వెనక ఊపు ముందు దాని కంటే కొంచెం వేగంగా ఉండాలి, లేకపోతే గతుకు దాటాక కారు పడవలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

బిగింపు పనిలో ఒకటి రెండు చోట్లే కష్టపడ్డాం. వెనక షాక్ కింది బోల్టు ఉప్పుగాలికి పట్టేసింది, రాత్రంతా పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి ఉంచితే పొద్దున్న కదిలింది. ముందు స్ట్రట్ హబ్‌లోంచి దిగాలంటే ఆ బిగింపు చీలికని స్ప్రెడర్‌తో కొద్దిగా తెరవాలి. ఉలి పెట్టి కొడితే హబ్ పాడవుతుంది, ఇదివరకు ఎవరో కొట్టిన గంటు ఈ కారులోనే కనిపించింది. యాంగిల్‌తో బిగించే బోల్టులన్నీ కొత్తవి వేశాం, టాప్ మౌంట్ బేరింగులు కూడా మార్చాం.

అన్నిటికంటే ముఖ్యమైన పని, చాలా చోట్ల ఎగ్గొట్టేది: ఆర్మ్ బుష్‌ల బోల్టులు కారు లిఫ్ట్ మీద వేలాడుతున్నప్పుడు బిగించకూడదు. ఆ బుష్‌లో రబ్బరు ఇనుప గొట్టానికి అతికి ఉంటుంది, వేలాడే స్థితిలో బిగిస్తే కారు దిగిన క్షణం నుంచీ రబ్బరు మెలిపడే ఉంటుంది, కొన్నాళ్ళకి చిరుగుతుంది. మేం ఒక్కో చక్రం కింద జాకీ పెట్టి, ఫెండర్ కొలత 346 వచ్చేదాకా లేపి, అప్పుడు బిగించాం.

ఓనరు 19 అంగుళాల చక్రాలు, 255/35 టైర్లు వేసుకుని ఉన్నాడు. కంపెనీ 18 అంగుళాలకి, 245/40 టైర్లకి మార్పించాను. టైరు గోడ 89 నుంచి 98 మి.మీ.కి పెరిగింది. ఈ 9 మి.మీ. రబ్బరు మన రోడ్డు మీద చేసే మేలు ఏ షాకూ చేయలేదు. టైరు మొత్తం సైజు తగ్గడంతో కారు ఇంకో 4 మి.మీ. కిందికి వచ్చింది, అంటే నేను లెక్క వేసిన 102 కాస్తా 98 అయింది. దీన్ని నేను ముందే లెక్కలో కలపాల్సింది, కలపలేదు. పెద్ద గట్టు 9.5 కాబట్టి ఇంకా 3 మి.మీ. మిగిలింది, అది కూడా ఐమూలగా వెళ్తేనే. ఓనరుకి ఉన్నదున్నట్టు చెప్పాను.

వారం తిరిగి స్ప్రింగులు కుదురుకున్నాక అలైన్‌మెంట్ చేశాం. ముందు 346, వెనక 344 దగ్గర ఆగింది. వెనక క్యాంబర్ వచ్చినప్పుడు మైనస్ 2.4 డిగ్రీలు ఉంది, మైనస్ 1.5కి తెచ్చాం. కానీ వెనక టైర్లని తిన్నది క్యాంబర్ కంటే ఎక్కువగా టో, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండటం. ఎడమ వెనక చక్రం కుడి దానికంటే బాగా లోపలికి తిరిగి ఉంది, దించాక ఎవరూ సరిచేయలేదు. జినాన్ లైట్లకి ఎత్తు చెప్పే సెన్సర్ ఆర్మ్‌కి తగిలించి ఉంటుంది, దించాక దాన్ని స్కానర్‌తో కొత్తగా సెట్ చేయకపోతే లైటు వెలుగు తప్పు చోట పడుతుంది. అదీ చేశాం.

పరీక్షకి తెన్నేటి పార్కు నుంచి భీమిలి దాకా వెళ్ళొచ్చాం. బి8 ముందు స్ట్రట్ తలకిందులుగా ఉంటుంది, సన్న రాడ్ కనపడదు, మెరిసే లావు ట్యూబు కనపడుతుంది. దాని చుట్టూ ఒక జిప్ టై బిగించి కిందికి తోసి ఉంచాను. స్ట్రట్ ఎంత లోపలికి పోతే జిప్ టై అంత పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది. మాకు ఉన్న జాగా 68 మి.మీ. భీమిలి తిరుగు ప్రయాణంలో వాడింది 52. వారం తర్వాత ఓనరు ఇద్దరు స్నేహితులతో అనంతగిరి మీదుగా అరకు వెళ్ళొచ్చాడు, అప్పుడు 59. ఒక్కసారి కూడా అడుగంటలేదు. గేటు ముందు పలక మీద "దుబ్" అని దిగింది.

చట్టం సంగతి కూడా ఓనరుకి పని మొదలుపెట్టకముందే చెప్పాను. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చడాన్ని ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్ళని రాతపూర్వకంగా అడగమన్నాను, ఒరిజినల్ స్ప్రింగులు నూనె రాసి, గోనెసంచిలో చుట్టి ఇంట్లోనే ఉంచమన్నాను.

జులైలో 3,800 కిలోమీటర్లు తిరిగాక కారు మళ్ళీ వచ్చింది. టైర్లు అడ్డంగా సమంగా అరుగుతున్నాయి. సిరిపురం దగ్గర తవ్వి పూడ్చిన రోడ్డు మీద నెమ్మదిగా వెళ్ళేటప్పుడు బిగుసుగా ఉందని ఓనరు అన్నాడు, ఉంటుంది. వెనక కుడి స్ప్రింగ్ కింది చుట్టు దగ్గర రాయి తగిలి గోరంత పెయింటు లేచింది. ఈ గాలిలో అలాంటి చోటే తుప్పు గుంట పడి, స్ప్రింగ్ విరిగేది కూడా ఆ కింది చుట్టులోనే. గీకి, ప్రైమర్ వేసి, పైన ఎపాక్సీ పూశాను. ముందు స్ట్రట్ మీద జిప్ టై 61 దగ్గర ఉంది. కిందికి తోసి పెట్టాను, తుపానుల కాలం అయ్యాక డిసెంబరులో మళ్ళీ చూడాలి.